తువ్వాలు కప్పిన ప్రింటర్

పోయిన వారం మావయ్య కొట్టు నుంచి ఒక పాత లేజర్ ప్రింటర్ ఆటోలో నా రిపేరు షాపుకు వచ్చింది. తెచ్చినతను దాన్ని బల్ల మీద దించి, "దీన్ని తుక్కుకి ఇచ్చేస్తారంటండీ. ఇచ్చేముందు మిమ్మల్ని ఒకసారి చూడమన్నారు," అని చెప్పి వెళ్ళిపోయాడు. దాని జబ్బేమిటో మావయ్య ఫోన్లో చెప్పగా నాకు ముందే తెలుసు. కాగితం మీద పడిన పొడిని వేడితో అతికించే భాగం అరిగిపోయింది. ఆ మోడల్‌కు ఇప్పుడు ఆ భాగం దొరకదు. అయినా ఏ ప్రింటర్ వచ్చినా నేను ఒకే వరుసలో చూస్తాను. ముందు కాగితం నడిచే దారి, తర్వాత కార్ట్రిడ్జి, తర్వాత రోలర్లు, అన్నిటికంటే చివర లేజర్ పెట్టె. ఆ రోజూ అలాగే మొదలుపెట్టి కాగితాల ట్రే లాగాను. సాంబ్రాణి వాసన వచ్చింది. టోనర్ పొడి, వేడెక్కిన ప్లాస్టిక్కు, పక్కనున్న టీ బండి తప్ప ఇంకో వాసన ఎరగని షాపు నాది. ట్రేలో కాగితాలు లేవు. నాలుగు మడతలు పెట్టిన ఒక గుడ్డ ఉంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టాను. లేజర్ పెట్టెను మాత్రం ఆ పూట విప్పలేదు. అందులోని అద్దం ఎలా ఉందో తెలుసుకోవాలని ఎంత ఉందో, వెంటనే తెలుసుకోకూడదని కూడా అంతే ఉంది.

మా నాన్నకు ఉంగుటూరులో ఎరువుల కొట్టు. నేను డిప్లొమా చదవడానికి నూజివీడులో అమ్మమ్మగారింట్లో ఉన్నాను. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కునే పేరుతో ఒక మామిడి కాలమంతా అక్కడే ఉండిపోయాను. ఆ కాలంలో ఆ ఇంట్లో మనుషులు నడవడానికి మిగిలే చోటు తక్కువ. ప్రతి మంచం కిందా వరిగడ్డి పరిచి కాయలు పేర్చేవారు. అమ్మకానికి కాదు, ఇంటికీ చుట్టాలకీ. పడమటి గదిలో చిన్నరసాలు, వసారాలో బంగినపల్లి, మెట్ల కింద చీకటి మూలలో ఆవకాయకు తెచ్చిన పచ్చికాయలు. మిద్దె మీద మాగాయ ముక్కలు ఎండేవి. మధ్యాహ్నం భోజనంలో రసం పండు పిసుక్కోకపోతే అది భోజనం కింద లెక్కకు రాదు. టెంక చీకుతుండగా చారు మోచేతి దాకా కారితే ఎవరూ ఏమీ అనేవారు కాదు గానీ, ఆ చేత్తో తలుపు ముట్టుకుంటే మాత్రం అత్తయ్య కేకలు వేసేది.

ఆ కాయల మీద పెత్తనం అంతా అమ్మమ్మది. ఆమె గడ్డి తీసి చూసేది కాదు. పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, గది గుమ్మంలో నిలబడి ఒకసారి గాలి పీల్చేది. "కిటికీ వైపు కింద వరసలో పండాయి. ఇవాళ అవి తియ్యండి," అనేది. ఒక్కోసారి ముఖం చిట్లించి, "ఆ మూల ఒకటి చెడింది. పక్కవాటికి అంటుకోకముందే తీసేయండి," అనేది. గడ్డి తొలగిస్తే అక్కడే ముచ్చిక దగ్గర నల్లబడిన కాయ ఒకటి ఉండేది. నేను అప్పుడప్పుడే మీటర్లూ కొలతలూ నేర్చుకున్నవాణ్ణి. లక్షణాన్ని బట్టి లోపం ఎక్కడుందో పట్టుకోవడం మా పాఠాల్లో ఒక పాఠం. పుస్తకం ఉన్నది నాకు, గురి ఉన్నది ఆమెకు అనుకుని, ఆమె పక్కన నిలబడి నేనూ గాలి పీల్చేవాణ్ణి. నాకు అన్నీ ఒకే మామిడి వాసన.

తాతయ్య పోయి అప్పటికి కొంతకాలమే అయింది. బజారులో ఆయన మామిడికాయల కమీషన్ కొట్టును మావయ్య నడుపుతున్నాడు. తోటల వాళ్ళు కాయ తెస్తారు, పై ఊళ్ళ వ్యాపారులు కొంటారు, మధ్యలో కొట్టు. తాతయ్య రోజుల్లో ధర పైకి చెప్పేవారు కాదు. కొనేవాడి చెయ్యీ ఆయన చెయ్యీ ఒక తువ్వాలు కింద కలుసుకునేవి. వేళ్ళు పట్టుకుని నొక్కడంలోనే బేరమంతా అయిపోయేది. చుట్టూ ఎంతమంది నిలబడినా ఎవరికీ తెలిసేది కాదు. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు నేను ఆ తువ్వాలు కదలడం చూసి, లోపల ఏదో చిన్న జంతువు ఉందనుకునేవాణ్ణి. ఆ తువ్వాలు తాతయ్య పోయాక కొట్లో ఆయన ఫోటో పక్కన మేకుకు వేలాడుతుండేది. ఎవరూ వాడరు. అమ్మమ్మ మాత్రం నెలకోసారి ఇంటికి పట్టుకెళ్ళి ఉతికి, మళ్ళీ తెచ్చి తగిలించేది.

శుక్రవారం ధూపం తాతయ్య పెట్టిన అలవాటే. కొట్లో అన్నీ నడుస్తుండగా ధూపం వేయాలని ఆయన నియమం. దీపాలు వెలుగుతుండాలి, పంకా తిరుగుతుండాలి, కాటా మీద అంకెలు కనబడుతుండాలి. ఆగిపోయిన వస్తువుకు ధూపం వేయకూడదు, అది పనిలో లేనట్టు లెక్క. కంప్యూటర్, ప్రింటర్ వచ్చాక వాటినీ అదే నియమంలో కలిపేశారు. శుక్రవారం కొట్టు తెరవగానే ప్రింటర్ స్విచ్ వేసేవారు, బిల్లు కొట్టే పని ఉన్నా లేకపోయినా. ఆయన పోయాక మావయ్య, "ఇకనుంచి నువ్వే వెయ్యమ్మా," అని అమ్మమ్మను అడిగాడు. గోడకు అవతల కొట్టు చిన్నతాతయ్యది, అంటే తాతయ్య తమ్ముడిది. ఆయన అప్పుడే ఒక మాట అన్నాడు. "వదిన చేతి మీదుగా ఎందుకురా? కోడలుపిల్ల ఉందిగా." భర్త పోయిన మనిషి చేత్తో వ్యాపారానికి ధూపం ఏమిటని ఆయన ఉద్దేశం. మావయ్య, "ఈ కొట్టు నాన్నదెంతో అమ్మదీ అంతే బాబాయ్," అని ఊరుకున్నాడు. అమ్మమ్మ ఆ మాట విన్నదో లేదో నాకు తెలియదు. ఆ ఇంట్లో ఆమె వినని మాట ఉంటుందని ఇప్పుడు అనుకోను.

వారంలో మిగతా రోజులు ఆమె ఇంటి గడప దాటేది కాదు. శుక్రవారం మాత్రం వేరే మనిషి. ముందురోజే సాంబ్రాణి గడ్డలు, కాస్త గుగ్గిలం చిన్న రోట్లో వేసి దంచి డబ్బాలో పోసేది. పొద్దున కొబ్బరిచిప్పలు కాల్చి నిప్పులు చేసుకునేది. ఇస్త్రీ చీర కట్టుకునేది. ఆటో వచ్చాక నిప్పుల గిన్నెను కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంటే, "నా బండికి కూడా ధూపం వేసినట్టేనండీ," అని ఆటో అతను నవ్వేవాడు. కొట్లో ధూపం పని పావుగంటలో అయిపోయేది. ఆమె మధ్యాహ్నం దాకా ఉండేది. తాతయ్యను ఎరిగిన రైతులు వచ్చి పలకరించేవారు. బాపులపాడు వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయనతో తోటలో పూత ఎప్పుడు రాలిందో, మందు ఎప్పుడు కొట్టాడో మాట్లాడేది. ట్రేలో కాయ ఒకటి తీసి వాసన చూసి, "ఇది ఇంకా చెట్టు మీద ఉండాల్సింది, తొందరపడ్డావు," అంటే ఆయన తల గోక్కునేవాడు. ఆమెకు వారమంటే ఆ ఒక్క పూట.

ఆ కాలం మధ్యలో ప్రింటర్‌కు జబ్బు చేసింది. అక్షరాలు పాలిపోవడం మొదలైంది. గీతలు పడటం కాదు, ఒక పక్కే మసక కావడం కాదు, కాగితమంతా సమానంగా వెలిసిపోయినట్టు. కార్ట్రిడ్జి అయిపోయిందని ఊళ్ళో మెకానిక్ కొత్తది వేశాడు. కొంచెం నయమనిపించి మళ్ళీ అదే తంతు. పెద్ద ఊరి నుంచి ఒక మెకానిక్ వచ్చి ఇంకో కార్ట్రిడ్జి వేసి వెళ్ళాడు. వారం వారం ముదిరింది. ఒక గురువారం లోడుతో బయలుదేరిన లారీని దారిలో చెక్‌పోస్టు వాళ్ళు ఆపి, బిల్లు చదవడానికి రావడం లేదని నిలబెట్టేశారు. మళ్ళీ చేత్తో రాయించి పంపేసరికి కాయంతా ఎండలో ఉండిపోయింది. ఆ సాయంత్రం మావయ్య ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే వసారాలో కూర్చున్నాడు. చిన్నతాతయ్య ఆ రోజు ఆయనతో ఏమని ఉంటాడో వేరే చెప్పక్కర్లేదు.

"రేపు ధూపం నువ్వు వేద్దువుగాని," అన్నాడు అత్తయ్యతో, గొంతు తగ్గించి. "అమ్మకి మోకాళ్ళ నొప్పులుగా, వద్దని చెప్పు."

"అత్తయ్యగారి మోకాళ్ళు నొప్పెడుతున్నాయని అత్తయ్యగారికి నేను చెప్పాలా? ఆవిడ మోకాళ్ళు ఆవిడకి తెలీవా?"

"ఏదో ఒకటి చెప్పు. బాబాయ్ రోజూ అదే పాట. కొట్లో అందరి ముందూ అంటున్నాడు. ఈసారి లారీ కూడా ఆగిపోయింది. నేనేం చెయ్యను?"

పెరట్లో రోలు చప్పుడు ఆగింది. అమ్మమ్మ సాంబ్రాణి దంచుతోంది. కాసేపటికి మళ్ళీ మొదలైంది, కానీ అంత గట్టిగా కాదు.

నేను మావయ్య పక్కన కూర్చుని, "రేపు పొద్దున్నే కొట్టు తాళాలు నాకివ్వు మావయ్యా. ప్రింటర్ నేను చూస్తాను. ఆ తర్వాత ఎవరు ధూపం వెయ్యాలో చెబుదువుగాని," అన్నాను.

"ఇద్దరు మెకానిక్‌లు చూశార్రా."

"వాళ్ళు కార్ట్రిడ్జి మార్చారు. నేను చూస్తానంటున్నాను."

ఆ ధీమా నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడూ స్పష్టంగా చెప్పలేను. అప్పటికి నేను కాలేజీ ల్యాబ్‌లో రెండు మూడు ప్రింటర్లు విప్పి బిగించానంతే. కానీ ఒక విషయం గట్టిగా నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. యంత్రానికి ఎవరి మీదా కోపం ఉండదు. అది పాడైతే ఒక చోట పాడవుతుంది, ఆ చోటుకు దారి ఉంటుంది. పెరట్లోకి వెళ్ళి అమ్మమ్మతో, "రేపు ఆటోని మామూలు వేళకే రమ్మను," అన్నాను. ఆమె తలెత్తకుండా, "నువ్వు రమ్మంటే వస్తాను నాన్నా. నీ పని అవ్వకపోతే మాత్రం ఆటోలోంచే గిన్నె అందించి తిరిగి వచ్చేస్తాను. మీ మావయ్యని నలుగురిలో ఇబ్బంది పెట్టకు," అంది. వినేసింది, అంతే కాదు, ఎలా వెనక్కి తగ్గాలో కూడా ఆలోచించుకుని పెట్టుకుంది. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

పొద్దున కొట్టు తెరిచి, అవకాశాలన్నీ మనసులో వరుసగా పెట్టుకున్నాను. పొడి ఆదా చేసే సెట్టింగ్ ఎవరైనా నొక్కి ఉండాలి. చూశాను, లేదు. కాగితం చెమ్మగిల్లి ఉండాలి. నా మొదటి అనుమానం దీని మీదే, ఎందుకంటే కాగితం కట్టలను కాయలు మాగబెట్టే వెనక గదిలో పెట్టేవారు. ఆ గదిలో గోడలు కూడా చెమటలు పడతాయి. చెమ్మ కాగితం పొడిని సరిగా పట్టుకోదు. బజారులో కొత్త కట్ట కొని తెచ్చి వేశాను. అప్పటికి బిల్లులు కొట్టే సుజాతగారు వచ్చి నా వెనక నిలబడింది. కాగితం వచ్చింది. అదే పాలిపోయిన అక్షరం.

"కాగితం మారింది గానీ రాత మారలేదు," అంది ఆమె.

"ఒక ముద్దాయి తప్పుకున్నాడు, అంతేనండీ. ఇంకొంతమంది ఉన్నారు."

తర్వాతది నాకిష్టమైన పరీక్ష. లేజర్ ప్రింటర్‌లో అక్షరం నేరుగా కాగితం మీద పుట్టదు. ముందు ఒక గుండ్రటి డ్రమ్ మీద లేజర్ వెలుగు కనబడకుండా రాస్తుంది. ఆ రాసిన చోట నల్లపొడి అంటుకుంటుంది. ఆ పొడి కాగితం మీదికి దిగుతుంది. చివర వేడికి అతుక్కుంటుంది. కాగితం సగం దారిలో ఉండగా తలుపు తెరిచేస్తే అన్నీ ఉన్నచోటే ఆగిపోతాయి. అప్పుడు డ్రమ్ తీసి చూడాలి. డ్రమ్ మీద అక్షరం నల్లగా ఉండి కాగితం మీద వెలిసి ఉంటే దించే దగ్గర లోపం. డ్రమ్ మీదే వెలిసి ఉంటే అంతకు ముందే లోపం. సరిగ్గా సగంలో తలుపు తెరిచాను. సుజాతగారు, "అయ్యో, పాడైపోద్ది!" అని అరిచింది. డ్రమ్ తీసి చూశాను. అక్కడే అక్షరాలు నీరసంగా ఉన్నాయి. కార్ట్రిడ్జి కొత్తది. ఇక మిగిలింది వెలుగు ఒక్కటే. లేజర్ సరిగా రాయడం లేదు, లేదా రాసే వెలుగుకు ఏదో అడ్డుపడుతోంది.

కరెంటు తీగ పీకేసి, పై మూత విప్పి, లేజర్ పెట్టె మర తిప్పాను. లోపల గిర్రున తిరిగే ఒక చిన్న అద్దం, దాని ముందు ఒక పొడవాటి గాజు బద్ద ఉంటాయి. తళతళలాడాలి. రెండింటి మీదా పల్చటి గోధుమరంగు పొర ఉంది. కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డకు కాస్త స్పిరిట్ తగిలించి నెమ్మదిగా తుడిచాను. గుడ్డ మీదికి టీ డికాషన్ రంగు వచ్చింది. స్పిరిట్ ఆరిపోయాక గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మామిడిపళ్ళ విషయంలో ఎప్పుడూ ఓడిపోయిన నా ముక్కుకు ఈసారి అనుమానమే కలగలేదు.

అంతా బిగించి ప్రింట్ ఇచ్చాను. నల్లటి, నిండైన అక్షరాలతో కాగితం బయటికి వచ్చింది. సుజాతగారు చప్పట్లు కొట్టింది. ముఠా కూలీలు కాయల ట్రేలు దించడం ఆపి తొంగిచూశారు. మావయ్య కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. "ఒరే ప్రసాదూ! ఏం పోయిందిరా ఇందులో? ఏం మార్చావు?"

ఏమీ పోలేదు, ఏమీ మార్చలేదు. తుడిచానంతే. ఏం తుడిచానో చెప్పాలి. సరిగ్గా అప్పుడే గోడ అవతల నుంచి చిన్నతాతయ్య వచ్చాడు, బయట ఆటో ఆగింది. నిప్పుల గిన్నె పట్టుకుని అమ్మమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రావచ్చా అన్నట్టు చూసింది, మావయ్య వైపు కాదు, నా వైపు. సాంబ్రాణి పొగ పేరుకుంది అని నేను అంటే అందులో నాకు కనిపించేది అద్దం, పొర, వెలుగు. అక్కడున్న వాళ్ళకు వినిపించేది మాత్రం ఇంకొకటి. ఎలా చెప్పాలా అని నేను మాటలు కూడదీసుకుంటుండగా, అమ్మమ్మ లోపలికి వచ్చి గిన్నె కింద పెట్టి, బల్ల మీదున్న గుడ్డను తీసుకుంది. మూల ఉన్న కాయ చెడిందని చెప్పేటప్పటిలాగే ఒకసారి గాలి పీల్చింది.

"ఇది మన సాంబ్రాణే. గుగ్గిలం కూడా తెలుస్తోంది," అంది. "నేను దంచిందే కదరా."

"చూశావా!" అన్నాడు చిన్నతాతయ్య మావయ్యతో. "నేను ఇన్నాళ్ళూ చెప్పలా? ఎవరు వెయ్యాల్సింది వాళ్ళు వెయ్యాలిరా. ఊరికే అంటానా?"

 మావయ్య చేతిలో కాగితాన్ని మడతపెట్టడం మొదలుపెట్టాడు. అమ్మమ్మ వంగి గిన్నె అందుకోబోయింది. ఆమె ఆ గిన్నె ఎత్తుకుని వెళ్ళిపోతే మళ్ళీ ఏ శుక్రవారమూ రాదని నాకు అర్థమైంది.

"చిన్నతాతయ్యా," అన్నాను, "మీ కొట్లో కూడా ఇదే ప్రింటర్ కదా? ఒకసారి విప్పి చూస్తాను."

"మాదానికేం? బ్రహ్మాండంగా ఉంది."

"బాగుంటే అలాగే మూసేసి వస్తాను. ముందు మీ కొట్లో ఇవాళ కొట్టిన బిల్లు ఒకటి తెప్పించండి."

ఆయన తెమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. సుజాతగారు పరుగున వెళ్ళి ఒక బిల్లు తెచ్చింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. మాది నల్లగా, ఆయనది బూడిదరంగులో. కొంచెం కొంచెంగా వెలిసిపోతే రోజూ చూసే కంటికి తెలియదు, పక్కన మంచిది పెడితే గానీ. ముఠా మేస్త్రి కూడా వంగి చూసి, "అవునండోయ్, ఇది పల్చగా ఉంది," అన్నాడు. నేను మరలు విప్పే సామాను పట్టుకుని గోడ అవతలికి వెళ్ళాను. నా వెనకే అందరూ వచ్చారు. లేజర్ పెట్టె విప్పి, గుడ్డలో శుభ్రంగా ఉన్న వైపు మడతపెట్టి తుడిచి చూపించాను. అదే డికాషన్ రంగు.

"మీ కొట్లో ధూపం ఎవరు వేస్తారు చిన్నతాతయ్యా?"

 వాళ్ళ గుమాస్తా నెమ్మదిగా, "చిన్నమ్మగారండీ," అన్నాడు. అంటే చిన్నతాతయ్య కోడలు. పసుపు కుంకాలతో నిండుగా ఉండే మనిషి.

"అయితే ఎవరు వేసినా ఒకటే రంగన్నమాట," అంది సుజాతగారు. ఎవరో ఫక్కున నవ్వారు. నేను అప్పుడు చెప్పాల్సింది చెప్పాను. ప్రింటర్‌లో వేడిని బయటికి పంపడానికి చిన్న పంకా ఉంటుంది. అది నడుస్తున్నంతసేపూ బయటి గాలిని లోపలికి లాగుతుంది. మనం పనిగట్టుకుని దాన్ని నడిపించి మరీ ధూపం వేస్తున్నాం. పొగ లోపలికి వెళ్ళి, చల్లారి, జిగురుగా అద్దం మీద కూర్చుంటోంది. ఆ అద్దానికి మనుషులు తెలియరు. పొగ తెలుసు, అంతే.

"మరి మాది ఇంత ముదిరిపోయిందే, బాబాయ్‌ది అంతగా లేదే?" అని మావయ్య అడిగాడు. నాకూ ఆ ప్రశ్న ఉంది. జవాబు అమ్మమ్మ దగ్గర ఉంది.

"దానికి జబ్బు చేసిందని నేనే నాలుగు విసుర్లు ఎక్కువ వేశానురా," అంది. "దిష్టి తగిలిందేమోనని గిన్నె దాని పక్కనే పెట్టి కూర్చునేదాన్ని. పాపం, అది దగ్గలేక రాత తగ్గించింది."

ఈసారి చిన్నతాతయ్య కూడా నవ్వాడు. నవ్వి, "నీ గిన్నెలో నిప్పులు ఆరిపోతున్నాయి వదినా, వెళ్ళి వెయ్యి," అన్నాడు. అంతకంటే ఆయన చేత ఎవరూ చెప్పించలేరు. ఆమెకు అది చాలింది.

మా కొట్లోకి తిరిగి వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. ధూపం వేసేటప్పుడు ప్రింటర్ ఆపేయమన్నాను. మావయ్యకు మనసొప్పలేదు. "ఆగిపోయిన దానికి ధూపం ఎలారా? నాన్న ఉన్నప్పటి నుంచీ అన్నీ తిరుగుతుండగానే వేస్తున్నాం." నేను పంకా గురించి మళ్ళీ మొదలుపెట్టబోతే అమ్మమ్మ చెయ్యెత్తి ఆపింది.

"మీకు తలంటి పోసి ధూపం వేసినప్పుడు ఏం చేసేదాన్ని? పొగ ముక్కులోకి పోకుండా మొహం మీద గుడ్డ కప్పేదాన్ని. ఆ వెచ్చదనానికి మీరు అక్కడే నిద్రపోయేవాళ్ళు. నిద్రపోయారని ధూపం మానేశానా?" అని, మేకుకు ఉన్న తాతయ్య తువ్వాలు తీసింది. నేను స్విచ్ ఆపాను. ఆమె తువ్వాలును ప్రింటర్ మీద కప్పి, అంచులు నాలుగు వైపులా లోపలికి దోపింది. తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, తాతయ్య ఫోటోకూ, కాటాకూ, తలుపుకూ వేసి, చివరికి తువ్వాలు చుట్టూ ఒకసారి గిన్నె తిప్పింది. ఆ తెల్లటి గుడ్డ కింద ఇన్నేళ్ళ బేరాలు జరిగాయని తెలిసిన పెద్ద రైతులు ఇద్దరు తలపాగాలు తీశారు. ఆ రోజు ఆమె మధ్యాహ్నం దాటాక కూడా ఉంది. నేను ఉద్యోగం వెతకడం మానేశాను.

ఇప్పుడు నా షాపు బస్టాండుకు దగ్గరలో ఉంది. తోటల వాళ్ళకు ధరలు ఫోన్లో వస్తున్నాయి, తువ్వాలు కింద బేరం చేసే వేళ్ళు ఇక్కడ దాదాపు లేవు. కొట్లలో గిన్నెలు పోయి, అగ్గిపుల్లతో వెలిగించే సాంబ్రాణి కప్పులు వచ్చాయి. వాటి పొగ పల్చన, వాసన ఇంకా పల్చన. ప్రింటర్లు కూడా చిన్నవైపోయాయి. ఏ భాగం పోయినా మొత్తం మార్చేయమని చెప్పడం తేలిక, చాలామంది అదే చెబుతారు. నేను ఇప్పటికీ సగంలో తలుపు తెరిచి డ్రమ్ చూస్తాను. ఏ కొట్లో కొత్త ప్రింటర్ పెట్టినా శుక్రవారం ఆపి, గుడ్డ కప్పి ధూపం వేసుకోండి అని చెబుతాను. ధూపం మానేయండి అని ఒక్కరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో అలవాటుకు కారణం అడిగితే పెద్దవాళ్ళు చిరాకు పడేవారు. ఇప్పుడు కారణం దొరకగానే మనం అలవాటునే పారేస్తున్నాం. నాకు రెండూ తెలుసు కాబట్టి ఏదీ పారేయాల్సిన అవసరం రాలేదు. అమ్మమ్మ నాలుగేళ్ళ కిందట పోయింది. చివరి రోజుల్లో ఆటో ఎక్కలేకపోయేది. శుక్రవారం కొట్లో ధూపం ఎవరు వేస్తున్నారో, ఎలా వేస్తున్నారో నేను అడగలేదు. మావయ్య కొట్టు ప్రింటర్ ఆ మధ్యలో నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

నిన్న పొద్దున షాపు తెరిచి, ముందుగా ట్రేలో దొరికిన గుడ్డ విప్పాను. తాతయ్య తువ్వాలు కాదు. అత్తయ్య పాత చీర చెంగు, నాలుగు అంచులూ మడిచి కుట్టి ఉంది. ప్రింటర్ కొలతకు సరిగ్గా సరిపోయింది. వాసన అందులోంచే వస్తోంది, ఆరిపోని వాసన, గుగ్గిలంతో సహా. అప్పుడు లేజర్ పెట్టె మరలు తిప్పాను. మూత తీసి, అద్దం మీదా గాజు బద్ద మీదా మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిచి, వెలుతురులో పట్టుకుని చూశాను. గుడ్డ తెల్లగానే ఉంది.

అంతా బిగించి, కరెంటు పెట్టి, ఒక కాగితం ప్రింట్ ఇచ్చి సగంలో తలుపు తెరిచాను. డ్రమ్ మీద అక్షరాలు నల్లగా, నిండుగా ఉన్నాయి. తుక్కుబండి వాడు వస్తే వద్దని పంపేశాను. చీర చెంగును మళ్ళీ దాని మీద కప్పి, అంచులు లోపలికి దోపి, షాపులో ఎత్తైన అరలో పెట్టాను. రేపు శుక్రవారం.